తెగిన కనుబొమ్మ

అడుగంటిన పాలగిన్నెను పీచుతో గీకుతున్నప్పుడు హాల్లోంచి మా అత్త మహాదేవమ్మ గొంతు వినిపించింది.

"చూడప్పా బసవా, ఆ పిల్లకి నాలుగు గిన్నెలు తోమేదానికి ఏం రోగమొచ్చిందో! ఇట్లాంటిదాన్ని ఇంట్లో పెట్టుకోకూడదు. ఓటెయ్యి, బయటికి పోనీ."

నా గురించి కాదు. మా ఇంటి గిన్నెలు ఎవరు తోముతారన్న అనుమానం మా అత్తకు పదహారేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. ఆమె బాధంతా "ఒకే ఇల్లు, వంద కండ్లు" అనే షోలో ఉండే పిల్ల గురించి. పద్నాలుగు మందిని ఒక ఇంట్లో వేసి తాళం పెడతారు. వాళ్ళు వండుకుంటారు, పోట్లాడుకుంటారు, ఏడుస్తారు, గిన్నెలు తోమే వంతు ఎవరిదని అరగంట వాదించుకుంటారు. వారానికొకరిని జనం ఓట్లేసి బయటికి పంపుతారు. ఆ ఇంట్లో మనిషి గిన్నె ముట్టుకుంటే నాలుగు కెమెరాలు తిరుగుతాయి, వెనక వీణలాంటిదేదో మోగుతుంది. నేను తోముతుంటే మాత్రం పంపు కింద బకెట్టు నిండి పొర్లుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ మోగదు.

ఈ షో కోసమే మా ఆయన బసవరాజ్ ఏడాదికి సరిపడా చందా కట్టాడు. చీరల అంగట్లో బేరం లేనప్పుడు ఆయన చూడాలి, ఇంట్లో వాళ్ళమ్మ చూడాలి, కర్నూలు హాస్టల్లో ఉన్న మా పాప చూడాలి, బళ్ళారిలో ఉండే మా మరిది కూడా దీని మీదే చూడాలి. ఒక చందాకు నలుగురే. తెర మీద నలుగురి పేర్లు, పేరుకొక రంగు బొమ్మ. "నీకు కూడా పెడదామనుకున్నామే, చోటు లేదు" అన్నాడాయన. అప్పటికి నేను అడగను కూడా లేదు. "అయినా నీకు టైమ్ యాడుండాది?" అని తనే మళ్ళీ ఓదార్చాడు.

అది నిజమే. నాకు టైమ్ లేదు. షో అయిపోయాక సోఫా సందులోంచి శనక్కాయ పొట్టు ఏరాలి. ఆయన కుడిచేత్తో అన్నం కలుపుకుంటూ అదే చేతి బొటనవేలుతో ఓటు నొక్కుతాడు కాబట్టి, ఫోన్ గాజు మీద ఎండిన పెరుగన్నం మెతుకుల్ని గోరుతో గీకి తీయాలి. మెతుకు కింద చల్లగా, జిగటగా తగులుతుంది. బీఎస్సీలో నాకు ఈ ప్రాక్టికల్ లేదు, అయినా చేయగా చేయగా బాగానే వచ్చేసింది.

ఆ షోలో గోపీ అని ఒకడున్నాడు. గుబురు గడ్డం, ఎడమ చెవికి పోగు, ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగిన గీత. పొద్దున లేస్తే ఇంకొకరి సామాను దాచిపెట్టి నవ్వడమే వాడి ఆట. మా అత్త వాణ్ణి ఎంత తిట్టేదో అంత ఇష్టంగా చూసేది. "దొంగనాబట్ట, వాని మొగం చూడు" అంటూ ఫోన్‌ను ముక్కు దగ్గరికి తెచ్చుకునేది.

మా అంగడి ముందర ఊడ్చి, ఇంటి బయట పనులు చేసే భీమక్కది కోసిగి పక్క ఊరు. ఆమె మొగుడు హనుమేష్ ఏడాదిలో ఎనిమిది నెలలు బెంగుళూరులో బిల్డింగు పనిలో ఉంటాడు. ఈసారి అక్కడ రాయి పెళ్ళ ఎగిరొచ్చి మొహాన తగిలి, కుట్లతో ముందుగానే తిరిగొచ్చాడు. మా నీళ్ళ ట్యాంకు కడగడానికి వచ్చినప్పుడు మా అత్త వాణ్ణి చూసి పగలబడి నవ్వింది.

"ఏమప్పా హనుమేషూ, గడ్డం పెంచినావు, పోగు పెట్టినావు, ఇప్పుడు కనుబొమ్మ కూడా కోయించుకున్నావా? అచ్చం గోపీ మాదిరే ఉండావు కదప్పా!"

హనుమేష్‌కు గోపీ ఎవరో తెలియదు. అయినా పెద్దామె నవ్వుతోంది కదా అని తనూ నవ్వాడు. మా ఆయన ఫోటో తీసి బళ్ళారికి పంపాడు.

ఇది జరిగిన వారానికి, ఒక శుక్రవారం పొద్దున పదకొండు గంటలప్పుడు, మా అత్త మెడలో గొలుసు పోయింది.

నేను మిద్దె మీద దుప్పట్లు ఆరేస్తున్నాను. మా అత్త కింద వీధి అరుగు మీద, చెవుల్లో వైర్లు పెట్టుకుని, తల వంచుకుని ఫోన్ చూస్తోంది. పైనుంచి ఆమె పాపిట, మెడ వెనక గొలుసు కొక్కెం కూడా కనిపిస్తున్నాయి. తెల్ల స్కూటర్ ఒకటి వచ్చి ఆగింది. నల్ల హెల్మెట్, అద్దం కిందికి దించి ఉంది. వాడు బండి దిగను కూడా లేదు, చెయ్యి చాచి లాగాడు. మా అత్త తల అప్పుడు లేచింది. రెండు చేతులూ మెడకు పోయాయి, ఫోన్ కింద పడింది, ఆమె కేక పెట్టేసరికి బండి సందు మలుపు తిరిగిపోయింది. తడి దుప్పటి నా కాళ్ళకు చుట్టుకుంది, దాన్ని ఈడ్చుకుంటూనే మెట్లు దిగాను.

"ఎవడోమే, ఎవడో పీక్కోని పాయె!" అని ఏడ్చింది మా అత్త. "నేను చూసుకోనే లేదే. ఫోను చూస్తాంటి, మెడ కాడ సుర్రుమనింది."

ఈ మాటలు నేను విన్నాను. వీధిలో ఇంకెవరూ వినలేదు, ఎందుకంటే ఇంకెవరూ అప్పటికి రాలేదు.

తర్వాత అందరూ వచ్చారు. పరామర్శకు వచ్చినవాళ్ళకు కాఫీ ఇవ్వడం మా ఇంటి మర్యాద, ఆ మర్యాద ఉండేది నా చేతుల్లో. గ్లాసులు కడుగుతూ, నింపుతూ, వంటింటికీ హాలుకూ తిరుగుతూ ఒకే కథను ఎన్నిసార్లో విన్నాను. మధ్యాహ్నం రెండో విడత కాఫీకి దొంగకు గడ్డం వచ్చింది. "గడ్డం ఉండెనా పెద్దమ్మా?" అని ఎవరో అడిగారు, "ఉండె, గుబురుగా ఉండె" అంది మా అత్త. సాయంత్రానికి చెవికి పోగు. మర్నాటికి కనుబొమ్మ తెగింది. ఆదివారానికి ఆ దొంగ గొలుసు లాగి, ఆమె కళ్ళలోకి చూసి నవ్వాడు కూడా. కథ పెరిగేకొద్దీ హెల్మెట్ ఎక్కడో కరిగిపోయింది.

"హెల్మెట్ పెట్టుకోని ఉండాడు కదత్తా" అన్నాను ట్రేలో గ్లాసులు సర్దుతూ.

"నీకేం తెల్సుమే, నువ్వు మిద్దె మీద ఉంటివి. నా మెడ మీద చెయ్యేసినోని మొగం నాకు తెలీదా?"

వచ్చినవాళ్ళంతా నన్ను చూశారు. అత్త ఏడుస్తుంటే కోడలు లాయరు మాదిరి అడ్డుప్రశ్నలు వేస్తోందే అన్నట్టు చూశారు. ఒకామె గ్లాసు నా చేతికిచ్చి, "ఇంకొంచెం చక్కెర" అంది.

"కనుబొమ్మ తెగినోడంటే..." అని మా ఆయన ఒక్కసారిగా సోఫాలోంచి ముందుకు వంగాడు. నీళ్ళ ట్యాంకు దినం తీసిన ఫోటో వెతికి వాళ్ళమ్మ ముందు పెట్టాడు. "వీడా?"

మా అత్త ఫోటో చూసింది. ఆమె మొహంలో ఏదో బిగిసి ఉన్నది వదులైనట్టు అనిపించింది, మూడు దినాలుగా నోటి కొసకు వచ్చి నిలిచిపోయిన పేరు దొరికినట్టు. "వీడే! ఈ మొగమే!" అని భోరున ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు.

ఆ సాయంత్రమే పోలీసులు హనుమేష్‌ను తీసుకుపోయారు. స్టేషన్లో మా అత్తకు వాణ్ణి ఒక్కణ్ణే చూపించి "వీడేనామ్మా?" అన్నారట. "వీడే." ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పుకుంటూ తల్లీకొడుకులు జొన్నరొట్టె, శనగకాయల చట్నీ ఆవురావురుమని తిన్నారు. మా ఆయన ఆ ఫోటోనే "దొంగ దొరికాడు" అని వీధి గ్రూపులో పెట్టాడు. దాని కింద చప్పట్లు కొట్టే చేతులు, దండం పెట్టే చేతులు వరసగా వచ్చాయి. వాటిని లెక్కపెడుతూ రొట్టె నమిలాడు. నోరు మూసుకుని నమలమని పదహారేళ్ళుగా చెబుతున్నాను, ఇక చెప్పను.

సోమవారం పొద్దున భీమక్క పనికి రాలేదు. పదిగంటలకు వెనక వాకిట్లో నిలబడి ఉంది, చీపురు లేకుండా.

"శశక్కా, ఆ పొద్దు మా ఆయన కుట్లు చూపిచ్చుకునేదానికి ఆస్పత్రికి పోయినాడు. చీటీ కూడా ఉండాది. స్టేషన్లో చూపిస్తే 'చీటీ మధ్యాహ్నందిలేమ్మా, గొలుసు పోయింది పొద్దున' అంటాండారు. నువ్వు మిద్దె మీద ఉంటివి కదక్కా. నీకు ఏమి కనపడింది?"

"హెల్మెట్ కనపడింది భీమక్కా."

ఆమె నన్నే చూస్తూ నిలబడింది. అడగకుండా నిలబడినవాళ్ళకు జవాబు చెప్పడం చాలా కష్టం.

ఆ మధ్యాహ్నం అన్నానికొచ్చిన మా ఆయనతో చెప్పాను. నిదానంగా, వరసగా, కాలేజీలో రికార్డు రాసినట్టు చెప్పాను. తెల్ల స్కూటరు, నల్ల హెల్మెట్, దించిన అద్దం, తల వంచి ఫోన్ చూస్తున్న అత్త.

"నువ్వు పైనుంచి చూసినావు, మా యమ్మ ఎదురుగా చూసింది. ఎవురి మాట నమ్మాల?"

"అత్త ఫోన్ చూస్తాండె. గొలుసు తెగినంక తలెత్తింది."

"అంటే మా యమ్మకు కండ్లు లేవంటావా?"

"కండ్లుండాయి. ఫోన్లో ఉండాయి."

ఆయన కంచంలో చెయ్యి ఆపాడు. "వాడంటే నీకేమంత బాధ?"

ఆ మాట అన్నాక పళ్ళ సందులో ఇరుక్కున్న ఆకుకూర పీచును నాలుకతో వెతుక్కున్నాడు. అది దొరికింది కాబోలు, మింగాడు. ఇంట్లో ఇద్దరు మనుషుల మధ్య పదహారేళ్ళకు ఏమి మిగులుతుందని ఎవరైనా అడిగితే నాకు ఆ చప్పుడు గుర్తొస్తుంది. నేను మజ్జిగ పోశాను. పోయకుండా ఉండాల్సింది.

మంగళవారం టీవీ తుడుస్తుంటే రిమోట్ మీద నా చెయ్యి పడింది. తెర వెలిగి నాలుగు రంగు బొమ్మలు వచ్చాయి. మా అత్త గొలుసు పోయినప్పటి నుంచి భయపడి ఫోన్ ముట్టుకోలేదు. "అమ్మ" అన్న బొమ్మ కింద ఆమె చూస్తూ చూస్తూ వదిలేసిన ఎపిసోడ్ అక్కడే ఆగి ఉంది. ఎందుకో నొక్కాను.

తెర నిండా గోపీ మొహం. వాడు ఎవరి దిండు కిందినుంచో బంగారు రంగు గొలుసు లాగి జేబులో వేసుకుంటున్నాడు. ఆ వారం ఆట అదట, గొలుసు ఎవరి దగ్గరుంటే వాళ్ళే ఇంటికి పెద్ద. గుబురు గడ్డం. చెవికి పోగు. తెగిన కనుబొమ్మ. గొలుసు జేబులోకి పోగానే వాడు నేరుగా మన కళ్ళలోకి చూసి నవ్వాడు.

తడిగుడ్డ చేతిలో పట్టుకుని సోఫాలో కూలబడ్డాను. మా అత్త అబద్ధం చెప్పడం లేదు. ఒక దొంగను, గొలుసు తీస్తుండగా, జానెడు దూరంలో, నిజంగానే చూసింది. ఆ క్షణంలోనే ఇంకో దొంగ, మొహం లేనివాడు, ఆమె మెడ మీద చెయ్యి వేశాడు. ఆమె భయం ఆ రెంటినీ కలిపి కుట్టేసింది. ఆ మొహానికి సరిపోయే మనిషి ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు, వాడు మా నీళ్ళ ట్యాంకు కడిగాడు. అబద్ధమైతే నిలదీయొచ్చు. నమ్మకంతో ఏడుస్తున్న మనిషిని ఏం చేయాలి?

మా అత్తను పిలిచి చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. కనురెప్పలు వేగంగా కొట్టుకున్నాయి. ఒక్క క్షణం ఆమెకు అర్థమైందనే అనుకున్నాను.

"గోపీ యాడనో హైదరాబాదులో ఉండాడు. ఈడికొచ్చి నా చైను ఎట్ల తెంపుతాడు? నీకు మతి పోయిందిమే, శశీ."

బుధవారం కొత్త సంగతి తెలిసింది. ఇంకొక సాక్షి ఉంటే కేసు గట్టిగా నిలబడుతుందని స్టేషన్లో అన్నారట. ఇంట్లో ఉన్నది నేనే కదా, హనుమేష్‌ను చూశానని నేనొక సంతకం పెడితే చాలు. పెడితే హెల్మెట్ అని రాసి పెడతానన్నాను. మా ఆయన గొంతు పెరిగింది. అప్పుడు మా అత్తకు ఆలోచన వచ్చింది.

"బొజ్జన్న దగ్గర అంజనం వేపిస్తాం. ఇది ఎదురుకాళ్ళతో పుట్టింది కదా, దీనికి కనపడుతుంది. ఆకులో వాణ్ణి చూస్తే అదే ఒప్పుకుంటుంది."

నేను తల్లి కడుపులోంచి కాళ్ళు ముందు పెట్టి వచ్చాను. మా కడప పక్క దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇక్కడ అత్తింట్లో అదొక పెద్ద హోదా. అలా పుట్టినవాళ్ళు తొక్కితే పట్టేసిన నడుము విడుస్తుందని నమ్మకం. పెళ్ళైన మొదటి ఏడాదే మా ఆయన నడుము, మరిది నడుము, ఇద్దరు మేనమామల నడుములు తొక్కాను. బోర్లా పడుకున్న మొగవాళ్ళ వీపుల మీద ఎక్కి నిలబడడం, నిజం చెప్పాలంటే, ఆ ఇంట్లో నాకు చెప్పిన పనుల్లో నేను సంతోషంగా చేసినది అదొక్కటే. కొంచెం అవసరానికి మించే తొక్కాను.

అలాంటివాళ్ళకే అంజనం కూడా కనపడుతుందట. తమలపాకు మీద ఆముదం, దీపం మసి కలిపి పూసి, ఆ నలుపులోకి చూస్తే పోయిన వస్తువు, తీసినవాడి మొహం కనిపిస్తాయని బొజ్జన్న చూపించి బతుకుతున్నాడు. మూడు దినాలుగా నేను రెండు కళ్ళతో చూసింది చెబుతుంటే మతి పోయిందన్నవాళ్ళు, మసిలో చూసి చెబితే నమ్ముతారట. ఉమ్మేయాలనిపించింది. ఉమ్మేస్తే తుడవాల్సింది మళ్ళీ నేనే.

గురువారం పొద్దున బొజ్జన్న ఇంటి ముందర చాప పరిచి నన్ను కూర్చోబెట్టారు. ఇరవై మంది మూగారు. ఇద్దరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. పక్కింటామె పిల్లవాణ్ణి చంకనేసుకుని, వాడికి ముద్దలు పెడుతూ చూస్తోంది. వెనకాల, గోడ వారగా, భీమక్క. పిలవకపోయినా వచ్చింది. నేను ఒక పేరు చెబితే ఆమె మొగుడు జైలుకు పోతాడు. చెప్పకపోతే ఆకుకు నేను అడ్డం పడ్డానంటారు. అక్కడున్న ఇరవై మందికీ ఆ ఒక్క పేరు ముందే తెలుసు. నా నోటినుంచి వినడమే మిగిలింది.

బొజ్జన్న ఆకు నా అరచేతిలో పెట్టాడు. ముక్కిపోయిన ఆముదం వాసన.

"రెప్ప కొట్టకుండా చూడమ్మా. ముందు ఊడ్చేవాడు వస్తాడు. తర్వాత నీళ్ళు చల్లేవాడు. తర్వాత కుర్చీ వేస్తారు. కుర్చీలో స్వామి వచ్చి కూచుంటాడు. ఆయన్ని అడుగు."

అక్కడ కూడా ముందు ఊడ్చేవాళ్ళే రావాలన్నమాట. చూశాను. నలుపు. నూనె మెరుపులో వంకరగా నా ముక్కు. ఊడ్చేవాడు రాలేదు. అలవాటు కాబోలు, ఎక్కడికైనా ఊడ్చడానికి నేనే పోతున్నాను.

"కనపడతాండాడా?" అన్నాడు బొజ్జన్న. "గడ్డం ఉండాదా? కనుబొమ్మ చూడమ్మా, కనుబొమ్మ..."

అడిగే ప్రశ్నలోనే దొంగ కూర్చుని ఉన్నాడు. తల ఎత్తకుండా గొంతు తగ్గించాను.

"కనపడతాండాది."

పిల్లవాడికి ముద్ద పెడుతున్న చెయ్యి ఆగింది.

"అరుగు. అరుగు మీద పెద్దామె. చెవుల్లో వైర్లు. తల వంచుకోని ఉండాది. చేతిలో ఫోను. ఫోన్లో ఒక మొగం ఉండాది. గడ్డం, పోగు, తెగిన కనుబొమ్మ. వాడు గొలుసు తీసి జేబులో ఏసుకుంటాండాడు, నవ్వుతాండాడు. ఇప్పుడు తెల్ల స్కూటరు వచ్చింది. నల్ల హెల్మెట్, అద్దం దించుకోని ఉండాడు. మొగం లేదు. పెద్దామె తలెత్తలేదు. ఫోనే చూస్తాండాది. గొలుసు తెగింది. ఇప్పుడు ఎత్తింది. బండి పాయె."

మా అత్త నోరు తెరిచి ఉంది. చెయ్యి మెల్లగా మెడ దగ్గరికి పోయింది.

"అవునప్పా" అంది, ఎవరితోనో. "ఫోనే చూస్తాంటి. గోపీ మెత్త కింద చెయ్యి పెట్టె... అప్పుడే సుర్రుమనె. అయ్యో స్వామీ, అది ఆకులో ఎట్ల కనపడెనే!"

జనం ఒక్కసారిగా ఊపిరి పీల్చారు. బొజ్జన్న చేతులు జోడించాడు. ఒకామె నా మోకాలు తాకి, పోయిన నెల తప్పిపోయిన వాళ్ళ బర్రె ఎక్కడుందో కాస్త చూడమంది. ఫోన్ పట్టుకున్నవాడు "ఇంకొకసారి ఆకు పైకెత్తక్కా" అన్నాడు. భీమక్క గోడకు జారి కింద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

నాకు సంతోషం కలగలేదు. ఇన్ని దినాలుగా వంటింట్లో, హాల్లో, కంచం ముందర చెప్పిన మాటలే ఇవి. ఒక్క మాట కూడా మార్చలేదు. నా నోటితో చెబితే అవి మతిలేని మాటలు. నూనె మసి పూస్తే దేవుడి మాటలు. అరచేతిలో ఆకు వేడెక్కి మెత్తబడింది, చచ్చిన పురుగును పట్టుకున్నట్టుంది.

ఇంటికి వచ్చే దారిలో మా ఆయన స్టేషన్‌కు ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. "మా యమ్మ పొరపాటు పడినట్టుండాది సార్... అంజనంలో తెలిసింది సార్." అవతల నవ్వు నాకు కూడా వినిపించింది. ఫోన్ పెట్టేశాడు.

"ఆకు సాక్ష్యం రాసుకోలేమంటాండాడు. కండ్లతో చూసినోళ్ళు ఎవురన్నా వచ్చి చెప్తే చూస్తాడంట. మా యమ్మను మళ్ళీ స్టేషన్‌కు తిప్పలేను, బీపీ." ఫోన్ జేబులో వేసుకున్నాడు. "అయిపాయెలే. మనం చేయాల్సింది చేస్తిమి. ఆ స్వామే వాణ్ణి బయటికి తెస్తాడు."

మా వెనకే, పది అడుగుల దూరంలో భీమక్క వస్తోంది. ఆమెకు వినపడేట్టుగానే అన్నాడు.

నేను నోరు మూసుకుంటే నాకు అన్నీ సుఖమే. ఇరవై మంది ముందర దేవుడు నాతో మాట్లాడాడు. ఇకపై మా అత్త నన్ను "మే" అని పిలవడానికి కూడా జంకుతుంది. బర్రెలు పోయినవాళ్ళు, ఉంగరాలు పోయినవాళ్ళు మా గడపలో కూర్చుంటారు. గిన్నెలు ఇంకెవరైనా తోముతారేమో కూడా. స్టేషన్లో గోడ వారగా ఒక మనిషి స్వామి వచ్చేదాకా కూర్చుంటాడు, అంతే.

"నేను పోతా" అన్నాను.

"యాడికి?"

"స్టేషన్‌కు. కండ్లతో చూసినోళ్ళు కావాలన్నారు కదా."

"నువ్వు చూసింది ఆకులో!"

"ఆకులో నాకేం కనపడలేదు. మసి కనపడింది. ఫోన్లో మొగం టీవీలో చూసినాను, మిగిలిందంతా మిద్దె మీద నుంచి చూసిందే. మీకు సోమవారం నాడే చెప్తి, మీరు మజ్జిగన్నం తింటాంటిరి."

మా అత్త నడిరోడ్డు మీద ఆగిపోయింది. "ఓయమ్మా! అంటే స్వామి పేరు చెప్పి ఊరందరి ముందర నాటకమాడినావా?"

"మాటలు నిజమే అత్తా. నువ్వే ఒప్పుకుంటివి కదా."

"నేను స్వామి చెప్పినాడని ఒప్పుకుంటి! నువ్వు చెప్పినావని తెలిస్తే ఒప్పుకుంటానా?"

ఇంతకాలం ఈ ఇంట్లో నేను విన్న మాటల్లో ఇంత నిజాయితీగా ఉన్న మాట ఇంకొకటి లేదు. ఆమె మీద దాదాపు గౌరవం కలిగింది.

మా ఆయన చుట్టూ చూసి, నా మోచెయ్యి పట్టుకుని గొంతు తగ్గించాడు. ఆడది స్టేషన్ మెట్లెక్కితే అంగట్లో తను తలెత్తుకోలేనన్నాడు. పనిమనిషి మొగుడి కోసం అత్తను అబద్ధాలకోరును చేస్తావా అన్నాడు. వాడంటే నీకెందుకని మళ్ళీ అడిగాడు. నా మొహంలో ఏం కనిపించిందో, చెయ్యి వదిలేశాడు. ఆఖరికి అసలు బాధ బయటపెట్టాడు.

"పన్నెండు కావస్తాంది. వంట ఎప్పుడు చేస్తావు?"

"బియ్యం డబ్బాలో ఉండాయి" అన్నాను.

భీమక్కా నేనూ షేర్ ఆటో ఎక్కాం. ఆమె నా అరచేతిలో మసి చూసి, తన కొంగుతో తుడవబోయింది. చీర పాడవుతుందని వద్దన్నాను. ఆమె వినకుండా తుడిచింది.

స్టేషన్లో హనుమేష్ బెంచీ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయి, లేవొచ్చో లేదో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. కనుబొమ్మ మీద కుట్లు పడిన చోటు ఎర్రగా పొంగి ఉంది. టేబుల్ వెనక ఒక నడివయసు కానిస్టేబుల్ కాగితం ముందుకు లాక్కున్నాడు. నా పేరు రాసుకున్నాడు, మా అత్త పేరు విని తలెత్తి చూశాడు.

"ఫిర్యాదు మీ అత్తదే కదమ్మా. ఆ టైములో మీరు అక్కడే ఉన్నారా?"

"మిద్దె మీద ఉన్నాను సార్. అంతా కనపడింది."

"మరి దొంగ మొహం చూసినారా?"

"లేదు సార్."

పెన్ను ఆగిపోయింది. ఆయన నన్ను, భీమక్కను, గోడ వారన కూర్చున్న మనిషిని మార్చి మార్చి చూశాడు.

"చూడలేదని చెప్పేదానికి ఇంత దూరం వచ్చినారామ్మా?"

"అవును సార్" అన్నాను, ఎదురుగా ఉన్న కుర్చీ నేనే లాక్కుని కూర్చుంటూ. "చూసినామని చెప్పేవాళ్ళు మా ఇంట్లో శానా మంది ఉండారు. చూడలేదని చెప్పేదానికే ఎవరూ లేరు. రాసుకోండి."